హైదరాబాద్ ఇంట్లో పూలమొక్కకు సరైన జాగా ఎలా ఎంచుకోవాలి?

"మందారం ఏపుగా పెరుగుతోంది కానీ మొగ్గ వేయడం లేదు." "నర్సరీ నుంచి తెచ్చినప్పుడు నిండా పూలున్నాయి, నెల తిరిగేసరికి మొక్కే ఎండిపోయింది." "మల్లెకు ఏ మందు కొట్టాలి?" నన్ను మొక్కల గురించి అడిగేవాళ్లలో చాలామంది ఈ మూడింటిలో ఏదో ఒకటి అడుగుతారు. ఎరువు పేరో, మందు పేరో చెబుతానని ఎదురుచూస్తారు. నేను తిరిగి అడిగేవి రెండే: ఆ మొక్క ఇంటికి ఏ వైపున ఉంది? దానికి ఏ నీళ్లు పోస్తున్నారు? జవాబు వింటే సగం సంగతి అర్థమైపోతుంది. మందారం, నూరువరహాల లాంటి పొదలైనా, కనకాంబరం, చామంతి లాంటి ఏళ్ల తరబడి బతికే చిన్న మొక్కలైనా, చోటు కుదరకపోతే ఎంత ఎరువు వేసినా పూయవు. "నా చేతికి మొక్క బతకదండీ" అని నిజంగానే బాధపడేవాళ్లున్నారు. వాళ్ల కోసమే ఇది ఇంత వివరంగా రాస్తున్నాను. లోపం చేతిలో లేదు, జాగాలో ఉంది. దాన్ని ఒక సెలవు రోజులో కనిపెట్టవచ్చు.

కావలసినవి

- కాగితం, పెన్ను
- ఫోన్ (దిక్కులు చూడటానికి, ఫోటోలు తీయడానికి)
- గడ్డపార, పార, కొలిచే టేపు
- బకెట్, మూత ఉన్న గాజు సీసా
- రెండు చెంచాల వెనిగర్
- టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది): దొరికితే మంచిదే, లేకపోయినా పని ఆగదు

1. ఇంటి చుట్టూ ఉన్న చోటును కాగితం మీద గీయండి

అందంగా గీయాల్సిన పనిలేదు. ఇల్లు, కాంపౌండ్ గోడ, గేటు, పక్కింటి గోడ ఎంత ఎత్తో, పెద్ద చెట్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. ఉత్తరం ఎటో తప్పకుండా రాయండి. సంపు, డ్రైనేజీ ఛాంబర్లు, నేలలో పోయే నీళ్ల పైపులు, కరెంటు కేబుల్ ఎటు వెళ్తున్నాయో తెలుసుకుని అవీ గీయండి. గడ్డపార దింపే ముందు ఈ జాగ్రత్త తప్పనిసరి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేడిగాలి ఏ వైపు కొడుతుందో కూడా గుర్తించండి. ఆ గాలి నేరుగా తగిలే చోట ఏ మొక్కా నిలవదు.

ఫ్లాట్‌లో ఉంటే బాల్కనీ ఏ దిక్కు, పైన స్లాబు ఎంత ముందుకు వచ్చింది అన్న రెండు విషయాలు చాలు.

2. ఎండను లెక్కపెట్టండి, అదీ మొక్క పూసే కాలంలో

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే.

జూన్‌లో నాటేటప్పుడు ఎండ బాగానే ఉందని చూసి చామంతి పెడతారు. డిసెంబరుకు ఆ చోటంతా నీడ. ఎందుకంటే మన ఊరి మీద సూర్యుడు ఏడాదంతా ఒకే దారిలో నడవడు. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబడితే నీడ కాళ్ల కిందే పడుతుంది. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరం వైపు ఉంటాడు. మిగతా ఏడాదంతా దక్షిణం వైపే. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తు దాటడు. అప్పుడు 10 అడుగుల గోడ నీడ ఉత్తరం వైపు దాదాపు 8 అడుగులన్నర పడుతుంది. 30 అడుగుల ఎత్తున్న ఇల్లయితే 25 అడుగులకు పైనే. మన సెట్‌బ్యాకులు (ఇంటికీ కాంపౌండ్ గోడకూ మధ్య వదిలే ఖాళీ) ఎంత వెడల్పుంటాయో మీకు తెలుసు. అంటే చలికాలంలో ఇంటికి ఉత్తరాన ఉన్న జాగాకు ఎండ దాదాపు ఉండదు.

అందుకని ఇలా చేయండి. ఒక ఎండ రోజున ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు రెండు గంటలకోసారి ప్రతి మూలనూ ఫోటో తీయండి. ఏ చోట ఎన్ని గంటలు నేరుగా ఎండ పడిందో బొమ్మ మీద రాయండి. ఇదే పని ఒకసారి మేలో, ఒకసారి డిసెంబరులో చేస్తే మీ ఇంటి లెక్క మీకు జీవితాంతం పనికొస్తుంది. అంతవరకు ఆగలేకపోతే పై కొలతలతో అంచనా వేసుకోండి.

ఇప్పుడు మొక్క వైపు నుంచి చూడండి. మల్లె ఎండాకాలంలో పూస్తుంది కాబట్టి దానికి ఫిబ్రవరి నుంచి మే వరకు పడే ఎండ ముఖ్యం. చామంతికి, డిసెంబరాలకు అక్టోబరు నుంచి జనవరి వరకు పడే ఎండ ముఖ్యం. మందారం, గులాబీ, బిళ్లగన్నేరు ఏడాదిలో ఎక్కువ కాలం పూస్తాయి కాబట్టి అవి రెండు కాలాల్లోనూ ఎండ పడే చోటే అడుగుతాయి.

బాల్కనీ వాళ్లకు ఇక్కడ ఒక మంచి మాట. దక్షిణం బాల్కనీలోకి మే నెలలో పై స్లాబు అడ్డం వచ్చి ఎండ రాదు, చలికాలంలో మాత్రం ఏటవాలుగా లోపలిదాకా వస్తుంది. చామంతికి అంతకన్నా మంచి చోటు లేదు. తూర్పు బాల్కనీ దాదాపు అన్నిటికీ అనుకూలం. ఉత్తరం బాల్కనీలో మే, జూన్‌లలో ఉదయం, సాయంత్రం పక్కవాటుగా ఎండ కొడుతుంది. ఎప్పుడూ నీడేనని నమ్మి పీస్ లిల్లీ పెట్టినవాళ్లకు ఆకులు మాడేది అందుకే. పడమటి బాల్కనీ సంగతి కింద చెబుతాను.

3. వేడి ఎక్కడ నిలుస్తుందో చూడండి

ఎండ వేరు, వేడి వేరు. మేలో మన దగ్గర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. పడమటి గోడ మధ్యాహ్నమంతా కాగి, చీకటి పడ్డాక కూడా సెగ వదులుతూనే ఉంటుంది. రాత్రి 8 గంటలకు గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఆ గోడకు రెండడుగుల లోపల నూరువరహాలు, కనకాంబరం, గార్డెనియా పెట్టకండి. అక్కడ బోగన్‌విల్లియా, గన్నేరు, టెకోమా, దేవగన్నేరు, అడీనియం లాంటివే నిలుస్తాయి. పడమటి బాల్కనీకీ ఇదే జాబితా, కుండీల్లో పెరిగే రకాలు చూసుకుని.

డాబా మీద పెట్టేవాళ్లు కుండీలను స్లాబు మీద నేరుగా పెట్టవద్దు. ఇటుకల మీదో స్టాండు మీదో ఎత్తి పెట్టండి. మేలో స్లాబు వేడికి ముందుగా ఉడికేది వేర్లు. నల్ల ప్లాస్టిక్ కుండీలయితే మరీ ప్రమాదం. వాటిని కొంచెం పెద్ద మట్టి కుండీలో దించి, మధ్యలో కొబ్బరి పీచు కూరితే చాలావరకు కాపాడుకోవచ్చు. మార్చి చివరి నుంచి తొలకరి దాకా 50 శాతం షేడ్ నెట్ కట్టండి. రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చి, రెండు వానలు పడ్డాక తీసేయండి. చాలామంది దాన్ని తీయడం మరిచిపోతారు. ఆ నెట్ కిందే వానాకాలం గడిపిన గులాబీ ఆకులు తప్ప పూలివ్వదు.

4. మట్టిని చేత్తో పట్టి చూడండి

హైదరాబాద్‌లో ఎక్కువ చోట్ల ఎర్ర చెల్క నేల, దాని కింద మొరం, ఇంకా కింద రాయి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు అయితే అడుగు తవ్వకముందే బండ తగలవచ్చు. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నల్లరేగడి కనిపిస్తుంది. కొత్త ఇళ్లలో ఈ రెండూ కాని మూడో రకం ఒకటుంది. కట్టడం అయిపోయాక సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, రోబో సాండ్ కలిసి మిగిలిన పూడిక మట్టి. పైన ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి పరిచి "గార్డెన్ రెడీ" అంటారు. అందరినీ ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే.

పరీక్ష ఇలా. అడుగు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి, కొంచెం తడిపి ముద్ద చేయండి. ముద్ద కాకుండా రాలిపోతే ఇసుక ఎక్కువ, నీళ్లు నిలవవు. ముద్దయి, వేలితో నొక్కితే విరిగితే మంచి నేల. వేళ్ల మధ్య రిబ్బన్‌లా సాగి రెండంగుళాలు వచ్చినా తెగకపోతే జిగట నేల. ఇంకా స్పష్టంగా కావాలంటే గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, గట్టిగా కలిపి ఒక రోజు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, ఆ పైన ఒండ్రు, అన్నిటికన్నా పైన జిగట మట్టి పొరలుగా తేరుకుంటాయి.

తర్వాత ఎండిన మట్టి మీద వెనిగర్ పోయండి. బుసబుస పొంగితే సున్నం ఎక్కువ ఉందని అర్థం. సిమెంటు, ప్లాస్టరు కలిసిన పూడికలో తరచూ ఇలాగే అవుతుంది. అక్కడ నూరువరహాలు, గార్డెనియా నేలలో పెట్టకండి. ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మట్టిలో ఇనుము ఉన్నా, సున్నం వల్ల మొక్కకు అందదు. ఆ రెండిటినీ కుండీలో పెంచుకోవడం తేలిక.

నల్లరేగడి ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. "ఇసుక కలిపితే సరి" అని అందరూ చెబుతారు. రెండు తట్టల ఇసుకతో ఏమీ మారదు, ఒక్కోసారి ఎండాక మరింత గట్టిపడుతుంది. దానికి కావలసింది బాగా చివికిన పశువుల ఎరువు, ఆకుల కంపోస్టు, అదీ ఏటా. మొక్కను నేల మట్టంలో కాకుండా అడుగు ఎత్తు కట్ట పోసి దాని మీద నాటండి.

5. గుంతలో నీళ్లు పోసి గడియారం చూడండి

నాటాలనుకున్న చోట అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీయండి. నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి, గంట తర్వాత నీళ్లు ఎంత దిగాయో టేపుతో కొలవండి.

- గంటకు 1 నుంచి 3 అంగుళాలు దిగితే దాదాపు ఏ మొక్కయినా పెట్టవచ్చు.
- అంగుళం కన్నా తక్కువ దిగితే గులాబీ, మల్లె, దేవగన్నేరు, అడీనియం అక్కడ వద్దు. మెట్టతామర, స్పైడర్ లిల్లీ సరిపడతాయి. లేదా కట్ట పోసి నాటండి.
- 4 అంగుళాలకు పైగా దిగితే నీళ్లు ఆగవు. ఎరువు ఎక్కువ కలిపి, పాదులో ఎండుటాకులు మందంగా పరవండి.

మొరంలో తవ్విన గుంతలో నీళ్లు గంటల తరబడి కదలకపోతే చాలా జాగ్రత్తగా ఉండాలి. అలాంటి చోట గుంత నిండా వర్మీ కంపోస్టు, కొబ్బరి పొట్టు నింపి మొక్క పెడితే వానాకాలంలో అది అడుగు మూసిన తొట్టి అవుతుంది. చుట్టూ ఉన్న నీళ్లన్నీ అందులోకే దిగి వేర్లు కుళ్లుతాయి. గడ్డపారతో అడుగున మొరం పగలగొట్టి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ నీళ్లు దిగకపోతే ఆ చోట కుండీ పెట్టుకోవడమే మేలు.

6. ఏ నీళ్లు పోస్తున్నారో తెలుసుకోండి

నగరంలో మట్టి బాగున్నా మొక్కలు దెబ్బతినడానికి బోరు నీళ్లు పెద్ద కారణం. కుండీ అంచున తెల్లటి పొర, ఆకుల మీద నీటి చుక్కలు ఆరిన చోట తెల్ల మచ్చలు, గీజర్‌లో గార పేరుకోవడం, ఇవన్నీ నీళ్లలో లవణాలు ఎక్కువని చెప్పే గుర్తులు. టీడీఎస్ మీటరు ఉంటే 500 లోపు నిశ్చింత. 500 నుంచి 1000 మధ్య ఉంటే సున్నితమైన మొక్కలకు వేరే నీళ్లు చూడాలి. 1000 దాటితే గన్నేరు, బోగన్‌విల్లియా లాంటి గట్టి మొక్కలకే పరిమితం కావడం మంచిది. ఎండాకాలంలో బోరు అడుగంటినప్పుడు ఈ అంకె పెరుగుతుంది కాబట్టి ఏప్రిల్‌లో కొలిచినదాన్నే లెక్కలోకి తీసుకోండి.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు రెండు విషయాలు గుర్తుంచుకోండి. సాఫ్ట్‌నర్ నుంచి వచ్చిన నీళ్లు సబ్బు నురగకు బాగుంటాయి, మొక్కకు కావు. ఉప్పుతో నడిచే ఆ ప్లాంటు సున్నాన్ని తీసి దాని బదులు సోడియం వదులుతుంది. సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి ఎక్కడైనా ఉంటే అక్కడి నీళ్లే పట్టుకోండి. అలాగే ఆర్వో ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లు వృథా అవుతున్నాయని కుండీలకు పోస్తారు. అసలు నీళ్లలో ఉన్న లవణాల్లో చాలావరకు అందులోకే చేరతాయి. ఇల్లు తుడవడానికి వాడుకోండి.

మంచి నీళ్లు మూడు చోట్ల దొరుకుతాయి: జలమండలి కుళాయి (బకెట్‌లో ఒక రాత్రి నిల్వ ఉంచి పోయండి), వాన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు. ఏసీ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. నూరువరహాలకు, గార్డెనియాకు అవి కేటాయించండి. వేరే దారి లేక బోరు నీళ్లే పోస్తుంటే, నెలకోసారి కుండీ పరిమాణానికి రెండు మూడింతల మంచి నీళ్లు పోసి అడుగు రంధ్రాల నుంచి బాగా కారనివ్వండి. పేరుకున్న లవణాలు కొట్టుకుపోతాయి.

7. రాత్రి వెలుతురు పడుతుందా?

చామంతి, డిసెంబరాలు, పాయిన్‌సెట్టియా మొగ్గ వేయాలంటే పొడవైన చీకటి రాత్రులు కావాలి. గేటు ముందు వీధి దీపం రాత్రంతా నేరుగా పడే చోట పెడితే ఆకులు పచ్చగానే ఉంటాయి, మొగ్గ మాత్రం ఆలస్యమవుతుంది లేదా అసలే రాదు. ఇది తెలియక ఎరువుల మీద ఎరువులు మార్చేవాళ్లను చూశాను. గోడ చాటుకు జరపడమే దీనికి మందు. మందారం, బిళ్లగన్నేరుకు ఈ బాధ లేదు.

8. ఇప్పుడు మొక్కను ఎంచుకోండి

బొమ్మ మీద ప్రతి మూలకూ ఎండ గంటలు, వేడి, మట్టి, నీళ్లు రాసి ఉన్నాయి కదా. ఇక జత చేయడమే.

*6 గంటలకు మించి ఎండ:* బోగన్‌విల్లియా, గన్నేరు, దేవగన్నేరు, టెకోమా, మల్లె, గులాబీ, మందారం, నేలసంపంగి, మెట్టతామర, బిళ్లగన్నేరు, లాంటానా. చలికాలపు ఎండ కూడా ఉంటే చామంతి.

*ఉదయం 3 నుంచి 5 గంటల ఎండ, మధ్యాహ్నం నీడ:* నూరువరహాలు, నందివర్ధనం, కనకాంబరం, గార్డెనియా, డిసెంబరాలు, నీలి ప్లుంబాగో, పెంటాస్. మందారం కూడా ఇక్కడ బతుకుతుంది, పూలు కొన్ని తగ్గుతాయి. నిజానికి మన ఊళ్లో ఎక్కువ మొక్కలకు సుఖమైన చోటు ఇదే. మీ ఇంట్లో ఇలాంటి మూల ఉంటే దాన్ని చెప్పుల స్టాండుకు ఇవ్వకండి.

*2 గంటల లోపు ఎండ, కానీ వెలుతురు:* పీస్ లిల్లీ, స్పైడర్ లిల్లీ. ఇంతకు మించి ఆశించవద్దు. ఇక్కడ మల్లె పెట్టి పూల కోసం ఎదురుచూడటం మొక్కకూ మీకూ కష్టమే.

చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇళ్లలో గన్నేరు, పచ్చగన్నేరు చేతికందే చోట పెట్టవద్దు. రెండూ విషపు మొక్కలే, పచ్చగన్నేరు కాయలు మరీ ప్రమాదం.

హైడ్రేంజియా, అజేలియా, కెమీలియా చలి ప్రాంతాల మొక్కలు. మేళాల్లో జనవరిలో చూస్తే మనసు లాగుతుంది. మన మే నెల వాటికి సరిపడదు. నీలిరంగు కోసమైతే ప్లుంబాగో, ముద్ద తెలుపు కోసమైతే ముద్ద నందివర్ధనం, గుత్తులుగా గులాబీ రంగు కోసమైతే పెంటాస్ తెచ్చుకోండి. ఏళ్లపాటు ఉంటాయి.

9. నర్సరీలో అడగాల్సింది

"ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడికి వచ్చి ఎన్నాళ్లయింది?" ఈ రెండూ తప్పక అడగండి. మన దగ్గరికి చాలా మొక్కలు కడియం నుంచి వస్తాయి. గోదావరి పక్క తేమ గాలిలో, జిగట మట్టి ముద్దలో పెరిగినవి. హైదరాబాద్ పొడి గాలికి అలవాటు పడటానికి వాటికి రెండు మూడు వారాలు కావాలి. నర్సరీలో నెల రోజులుగా ఎండలో ఉన్న మొక్క, నిన్న లారీ దిగి నిండా పూలతో ఉన్నదానికన్నా మంచిది. పూలు చూసి కొనకండి. కొత్త చిగుళ్లు, కవరు అడుగున తెల్లటి వేర్లు చూసి కొనండి.

ఇంటికి తెచ్చాక వారం పాటు ఉదయపు ఎండలో ఉంచి, ఆ తర్వాత అసలు చోటికి మార్చండి.

10. నాటడం

మంచి కాలం: మృగశిర తర్వాత రెండు మూడు వానలు పడ్డాక, జూన్ మధ్య నుంచి ఆగస్టు వరకు. రెండోది అక్టోబరు, నవంబరు. మార్చి నుంచి మే వరకు నేలలో నాటకపోవడమే మంచిది.

పొదలకు అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత. తీసిన మట్టిలో సగం, పావు వంతు చివికిన పశువుల ఎరువు, మిగతాది మంచి ఎర్రమట్టి, రెండు గుప్పిళ్ల వేపపిండి కలపండి. పచ్చి పేడ వద్దే వద్దు, దాని వేడికి వేర్లు దెబ్బతింటాయి. కవరు మొక్కను అరగంట నీళ్ల బకెట్‌లో నానబెట్టండి. కడియం మట్టి ముద్ద పొడిగా ఉండగా నాటితే మీరు పోసే నీళ్లు చుట్టూ జారిపోతాయి, ముద్ద లోపల మాత్రం ఎండిపోయే ఉంటుంది. కొన్నాక నెలలోపు చచ్చిపోయే మొక్కల్లో చాలావాటి కథ ఇదే. నానాక కవరు కోసి, ముద్ద పైపొరను వేళ్లతో కొద్దిగా వదులు చేయండి. బోగన్‌విల్లియాకు మాత్రం ముద్ద కదపకండి, దాని వేర్లు పెళుసు.

కవరులో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటండి. గులాబీ అంటు ముడి మట్టి పైనే ఉండాలి. ముడి కింద నుంచి వచ్చే కొమ్మలను ఎప్పటికప్పుడు కోసేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

రోజూ తలా కాసిన్ని నీళ్లు చిలకరించడం. పైన అంగుళం తడిసి, వేర్లు పైకే వస్తాయి, ఎండాకాలంలో మొదట అవే మాడతాయి. అగరుబత్తి పుల్లను రెండంగుళాలు గుచ్చి తీయండి. పొడిగా వస్తేనే నిండుగా పోయండి.

బోగన్‌విల్లియాకు రోజూ నీళ్లు. దానికి కొంచెం దాహం వేస్తేనే పూత. ఆకులు కాస్త వాలే దాకా ఆగి పోయండి.

మల్లెను ఏడాదంతా ఒకేలా చూడటం. నవంబరు, డిసెంబరులలో నీళ్లు బాగా తగ్గించి, డిసెంబరు చివర లేదా జనవరిలో కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూసి, ఎరువు వేసి నీళ్లు మొదలుపెట్టాలి. కొత్త చిగురుతోనే మొగ్గ వస్తుంది. ఈ విశ్రాంతి ఇవ్వకుండా చోటును తిట్టకండి.

యూరియా. ఆకులు ముదురు పచ్చగా మెరుస్తాయి, పూలు తగ్గుతాయి.

ఒకే పాదులో మెట్టతామరనూ అడీనియంనూ కలపడం. ఒకటి తడి కోరుతుంది, ఇంకోటి పొడి. నీటి అవసరం ఒకేలా ఉన్నవాటినే పక్కపక్కన పెట్టండి.

చోటు కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి రెండు వారాల్లో కొన్ని ఆకులు రాలితే టెన్షన్ పడకండి. మూడు నాలుగు వారాలకు కొత్త చిగురు రావాలి. వస్తే వేరు పట్టినట్టే. రెండు నెలలయ్యాక ఇవి చూడండి:

- కణుపుల మధ్య దూరం పాత కొమ్మకన్నా కొత్త కొమ్మలో ఎక్కువగా ఉంది, మొక్క ఒక పక్కకు వంగుతోంది: ఎండ చాలడం లేదు.
- ఆకు అంచులు, కొసలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతున్నాయి: నీళ్లలో లవణాలు లేదా గోడ సెగ. ముందు నీళ్లు మార్చి చూడండి, అది తేలిక.
- కింది ఆకులు పసుపెక్కుతున్నాయి, మట్టి తడిగానే ఉంది: నీళ్లు దిగడం లేదు.
- పై లేత ఆకులు పసుపు, ఈనెలు పచ్చన: ఇనుము అందడం లేదు. లీటరు నీళ్లకు 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. పది రోజులకు మరోసారి. కొత్త ఆకు పచ్చగా వస్తే కారణం అదేనని తేలినట్టు. కానీ సున్నపు మట్టి, బోరు నీళ్లు మారకపోతే మళ్లీ వస్తుంది.
- మందారం మొగ్గలు విచ్చకుండా రాలుతున్నాయి: నీళ్లు ఒకరోజు ఎక్కువ, రెండు రోజులు లేకుండా పోస్తున్నారేమో చూడండి. అది సరిగ్గానే ఉంటే మొగ్గ విప్పి లోపల సన్నటి తామరపురుగులున్నాయేమో వెతకండి.

కారణం చోటేనని తేలితే మార్చడానికి వెనకాడకండి. అయితే మేలో వద్దు, తొలకరి దాకా ఆగండి, అంతవరకు షేడ్ నెట్ కట్టి కాపాడండి. మార్చే రోజున మూడో వంతు కొమ్మలు కత్తిరించి, చుట్టూ అడుగు దూరం నుంచి మట్టి ముద్దతో సహా లేపి, సాయంత్రం పూట కొత్త గుంతలో పెట్టండి. కుండీ మొక్కలకు ఇంత శ్రమ లేదు. ముందు కుండీని అనుమానం ఉన్న మూలలో ఒక నెల పెట్టి చూసి, చిగురు బాగుంటేనే ఆ చోట నేలలో నాటవచ్చు. పెద్ద పొద కొనే ముందు అదే రకం చిన్న మొక్కతో ఇలా ఒక కాలమంతా పరీక్షించుకుంటే డబ్బూ మిగులుతుంది, మొక్కా బతుకుతుంది.